చీలమండ, పాదం ఎముకలకి ఆపరేషన్: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నేను ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ అయిన కాళ్లని మళ్లీ నడిపించడానికి హైదరాబాద్‌లో ఇళ్లకి తిరుగుతుంటాను. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోగానే వచ్చే ప్రశ్నలు మలక్‌పేటలో అయినా మియాపూర్‌లో అయినా ఒకటే. రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో వచ్చేవీ అవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. నేను రాసినదానికీ మీ ఎక్స్‌రే చూసిన సర్జన్ చెప్పినదానికీ తేడా వస్తే సర్జన్ మాటే వినండి.

## పడిన రోజు

కాలు బెణికిందా, విరిగిందా? ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

కొంతవరకు తెలుసుకోవచ్చు. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో ఒక పద్ధతి ప్రకటించారు. ఇప్పటికీ ఎమర్జెన్సీల్లో అదే వాడతారు. పడిన వెంటనే, ఆస్పత్రికి వెళ్లాక కూడా, కుంటుతూ అయినా నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. చీలమండకి రెండు వైపులా ఉండే గుబ్బల వెనక అంచుని, కింది కొస నుంచి 6 సెంటీమీటర్ల మేర బొటనవేలితో నొక్కండి. ఎముక మీదే నొప్పి పుడితే అప్పుడూ ఎక్స్‌రే కావాలి. పాదం బయటి అంచు మధ్యలో పొడుచుకొచ్చినట్టుండే ఎముక, లోపలి వైపు అరికాలి వంపు పైన ఉండే ఎముక కూడా ఇలాగే నొక్కి చూడాలి. షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కి ఉన్నవాళ్లకి, చిన్న పిల్లలకి ఈ పరీక్షని నమ్ముకోవద్దు.

"వేళ్లు కదులుతున్నాయి కదా, విరగలేదులే" అనే మాట ప్రతి ఇంట్లో వింటాను. వేళ్లని కదిలించే కండరాల్లో ముఖ్యమైనవి పిక్క దగ్గర ఉంటాయి. చీలమండ మూడు ముక్కలైనా వేళ్లు కదులుతాయి.

పాదం పక్కకి తిరిగిపోయింది, ఎముక కనిపిస్తోంది. ముందు ఏం చెయ్యాలి?

108కి ఫోన్ చేయండి. గాయం మీద పసుపు, కాఫీ పొడి, సున్నం ఏదీ వేయకుండా శుభ్రమైన గుడ్డ కప్పండి. తిరిగిన పాదాన్ని మీరు లాగి సరిచేయబోకండి, ఎలా ఉందో అలాగే దిండు మధ్య కదలకుండా పెట్టండి. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి తినడానికి ఏమీ పెట్టొద్దు. ఎముక బయటపడిన గాయానికి మొదటి గంటలోనే యాంటీబయాటిక్ పడాలి, టీటీ ఇంజెక్షన్ కూడా. పక్కకి తిరిగిన కీలుని డాక్టర్లు ఆ రాత్రే లోపలికి కూర్చోబెట్టాలి, లేకపోతే ఎముక లోపలి నుంచి నొక్కి పైచర్మం చచ్చిపోతుంది.

ఇంకో మాట. ఆడవాళ్లయితే పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయండి. "మెట్టెలు తీయకూడదమ్మా" అని అత్తగారు అడ్డుపడిన ఇంట్లో, నాలుగు గంటల తర్వాత వాటిని కట్టర్‌తో కోయాల్సి వచ్చింది.

పుత్తూరు కట్టు కట్టిద్దామని మా పెదనాన్న అంటున్నారు. కట్టించుకోవచ్చా?

తిరుపతి వైపు ఉన్న పుత్తూరు పేరుతో మన ఊళ్లో బోర్డు కనిపించని ఏరియా లేదు. ఆ కట్టుకి పేరు ఊరికే రాలేదు. ఎముక చిట్లి, జరగకుండా ఉన్నచోటే ఉంటే ఏ కట్టు కట్టినా, చాలాసార్లు కట్టకపోయినా అతుక్కుంటుంది. ఆ పేరు అక్కడి నుంచి వచ్చిందే. చీలమండ సంగతి వేరు. అది ఒంటి బరువంతా మోసే కీలు. పాదం పైఎముక (టాలస్, చీలమండ కీలులో కూర్చునే ఎముక) తన గూటిలో 1 మిల్లీమీటర్ పక్కకి జరిగినా, కీలు ఆనుకునే వైశాల్యం సగటున 42 శాతం తగ్గిపోతుందని 1976లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. మిల్లీమీటర్ లెక్కని బయటి నుంచి వెదురు బద్దలతో సరిచేయలేం. దానికి తోడు వాపు పెరుగుతున్న మొదటి రోజుల్లో బిగించి కడితే రక్తం ఆడక వేళ్లు నల్లబడే ప్రమాదం ఉంది. ముందు ఎక్స్‌రే తీయించండి. ఎముక జరగలేదని డాక్టర్ చెప్పాక పెదనాన్నతో వాదన పెట్టుకోకపోయినా నష్టం లేదు.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. పది రోజులైనా కాలు ఆనించలేకపోతున్నాను, ఎందుకు?

అరికాలు తిప్పి చూడండి. మధ్యలో నల్లగా కమిలి ఉంటే అనుమానించాల్సిందే. పాదం మధ్య భాగంలో ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్లు తెగడాన్ని లిస్‌ఫ్రాంక్ గాయం అంటారు. నెపోలియన్ కాలపు ఫ్రెంచి సర్జన్ పేరది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఇది తరచూ దొరకదు. ఎందుకంటే బరువు పడినప్పుడే ఆ ఎముకలు విడిపోతాయి. నిలబెట్టి రెండు పాదాలకీ ఎక్స్‌రే తీసి పోల్చాలి, లేదా సీటీ తీయాలి. బైక్ కింద పాదం ఇరుక్కున్న ఒకబ్బాయికి క్లినిక్‌లో బెణుకని చెప్పి క్రేప్ బ్యాండేజీ చుట్టి పంపారు. రెండు నెలలు అలాగే తిరిగాడు. నా దగ్గరికి వచ్చేసరికి పాదం వంపు కూలిపోయింది. మొదటి వారాల్లో నాలుగు స్క్రూలతో తేలిపోయేది, చివరికి కీళ్లని కలిపి అతికించాల్సి వచ్చింది.

## ఆపరేషన్ చేయించాలా, వద్దా

నాకు ఆపరేషన్ తప్పదా? పిండి కట్టుతో సరిపోదా?

డాక్టర్‌ని "ఎముక విరిగిందా" అని కాదు, "కీలు కుదురుగా ఉందా" అని అడగండి. నిర్ణయమంతా దాని మీదే ఉంటుంది. బయటి గుబ్బ ఒక్కటే, కీలు గీతకి కింద విరిగితే చాలావరకు కట్టుతోనో బూటుతోనో సరిపోతుంది. కీలు ఎత్తులో విరిగితే లోపలి వైపు లిగమెంట్ బాగుందో లేదో చూసి తేలుస్తారు. కీలుకి పైన విరిగినా, లోపలి గుబ్బ కూడా విరిగినా, కీలు పట్టు తప్పినట్టే. అప్పుడు ప్లేటు, స్క్రూలు వేయడమే మామూలు.

వయసు ఒక్కటే చూసి తొందరపడొద్దు. బ్రిటన్‌లో 60 దాటిన 620 మంది మీద చేసిన పరిశీలన 2016లో వచ్చింది. కీలు కుదురు తప్పిన వాళ్లలో కొందరికి ఆపరేషన్ చేశారు, కొందరికి మత్తిచ్చి ఎముక సరిచేసి ఒంటికి అంటుకునేలా పలచటి కట్టు వేశారు. ఆరు నెలలకి రెండు వర్గాల నడకా దాదాపు సమానం. అయితే కట్టు వేసిన కొందరికి ఎముక మళ్లీ జరిగి, తర్వాత ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆ కట్టు నేర్చినవాళ్లే వేయాలి, మామూలు పిండి కట్టు కాదది.

అడ్మిట్ చేసి వారం రోజులుగా ఊరికే పడుకోబెట్టారు. బిల్లు పెంచడానికేనా?

ఈ ఒక్క విషయంలో మాత్రం డాక్టర్‌ని అనుమానించకండి. చీలమండ దగ్గర చర్మం పలచన, కింద కండ ఉండదు. వాపు మీద కోస్తే కుట్లు కలవవు, కలిసినా విచ్చుకుంటాయి, లోపల ప్లేటు కనిపిస్తుంది. అప్పుడు మొదలయ్యే కష్టం ఎముక విరిగినదానికంటే పెద్దది. వాపు తగ్గి చర్మం మీద సన్న ముడతలు కనిపించేదాకా ఆగుతారు. దానికి వారం నుంచి రెండు వారాలు పట్టొచ్చు, బొబ్బలు లేస్తే ఇంకాస్త. కీలు పైభాగం నుజ్జయితే ఈలోపు బయటి నుంచి రాడ్లు బిగించి పెడతారు. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ అది తాత్కాలికమే. మీరడగాల్సింది ఒక్కటే: ఈ వారం ఆస్పత్రిలోనే ఉండాలా, కాలు ఎత్తుగా పెట్టుకుని ఇంట్లో ఉండొచ్చా?

మడమ ఎముక నుజ్జయింది. ఒక డాక్టర్ చేద్దామంటున్నారు, ఇంకొకరు వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరూ నిజాయితీగానే చెబుతూ ఉండొచ్చు. సర్జన్లలోనే ఏళ్లుగా తెగని వాదన ఇది. 2014లో బ్రిటన్‌లో 151 మంది మీద వచ్చిన ఫలితంలో, కీలులోకి పగులు వెళ్లిన మామూలు కేసుల్లో రెండేళ్ల తర్వాత ఆపరేషన్ అయినవాళ్లకీ కానివాళ్లకీ నొప్పిలో, నడకలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా చీము లాంటి సమస్యలు ఆపరేషన్ అయినవాళ్లకే ఎక్కువ. కానీ మడమ ఆకారమే బాగా చెడిపోయిన కేసుల్ని అందులో కలపలేదు. కాబట్టి వెడల్పెక్కి పక్క ఎముకకి రాసుకునే మడమకి, చర్మాన్ని చీల్చేలా పొడుచుకొచ్చిన ముక్కకి ఆపరేషన్ చేయాల్సిందే. సిగరెట్ మానలేనివాళ్లకి, షుగర్ అదుపులో లేనివాళ్లకి నేనైతే వద్దన్న డాక్టర్ వైపే మొగ్గుతాను.

మడమ విరిగేది ఎక్కువగా పైనుంచి పడినప్పుడు. మన ఊళ్లో అంటే సెంట్రింగ్ కర్రల మీది నుంచి. కాలు చూసి ఊరుకోకుండా వెన్నెముకకి కూడా ఎక్స్‌రే తీశారో లేదో అడగండి.

షటిల్ ఆడుతుంటే వెనక నుంచి ఎవరో తన్నినట్టయింది. నరం తెగిందన్నారు. కుట్టించుకోవాల్సిందేనా?

తెగింది నరం కాదు, పిక్కని మడమకి కలిపే అకిలిస్ టెండన్. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం పొద్దున గచ్చిబౌలి కోర్టులో చెలరేగే నలభై ఏళ్లవాళ్లు నాకు శాశ్వత ఖాతాదారులు.

కుట్టకుండా కూడా నయమవుతుంది. 2022లో నార్వే నుంచి వచ్చిన పరిశీలనలో 500 మందికి పైగా ఉన్నారు. ఏడాది తర్వాత నడక, ఆట తీరు కుట్టినవాళ్లకీ కుట్టనివాళ్లకీ ఒకేలా ఉన్నాయి. తేడా రెండు చోట్ల వచ్చింది. కుట్టనివాళ్లలో 6.2 శాతం మందికి మళ్లీ తెగింది, కుట్టినవాళ్లలో 0.6 శాతం మందికే. కుట్టినవాళ్లకి మాత్రం పక్కనే ఉండే స్పర్శ నరం దెబ్బతినే అవకాశం ఎక్కువ. కుట్టకపోతే పాదాన్ని కిందికి వంచి బూటులో పెట్టడం మొదటి రోజుల్లోనే మొదలవ్వాలి. మూడు వారాలు ఆగి వచ్చి "ఆపరేషన్ లేకుండా చూడండి" అంటే కష్టం.

షుగర్ ఉంది. ఆపరేషన్ చేస్తే పుండు మానదేమోనని భయం

భయంలో అర్థం ఉంది, కానీ విరిగిన చీలమండని అలా వదిలేయడం అంతకంటే ప్రమాదం. ఆపరేషన్‌కి ముందు మూడు నెలల సగటు షుగర్, పాదంలో స్పర్శ, రక్తప్రసరణ ఈ మూడూ చూడమనండి. స్పర్శ లేని పాదానికి నొప్పి తెలియదు, రోగి తెలియకుండానే బరువు మోపేస్తాడు, కీలంతా కూలిపోతుంది. అందుకే అలాంటివాళ్లకి ఎక్కువ స్క్రూలు వేస్తారు, కాలు ఆనించకుండా ఉంచే కాలం దాదాపు రెట్టింపు చేస్తారు. పక్కింటాయన ఆరు వారాలకే నడిచాడని పోల్చుకోకండి.

ఆరోగ్యశ్రీలో అవుతుందా?

తెలంగాణలో పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. మీ కేసు ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర చూసి చెబుతారు. అడ్మిట్ కాకముందే అడగండి, డబ్బు కట్టాక కాదు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో ఎముకల విభాగాలున్నాయి. రద్దీ ఎక్కువే, రోడ్డు ప్రమాదాల కేసుల అనుభవమూ ఎక్కువే.

## థియేటర్ రోజు

నడుముకి మత్తు ఇస్తే జన్మంతా నడుం నొప్పి ఉంటుందా?

ఉండదు. సూది దిగిన చోట కొన్ని రోజులు నొప్పి ఉంటుంది. ఆ తర్వాత వచ్చే నడుం నొప్పిలో ఎక్కువ భాగం నెలల తరబడి మంచం మీద వంకరగా పడుకోవడం వల్ల.

స్టీల్ వేయించాలా, టైటానియం వేయించాలా?

చీలమండలో రెండూ బాగానే పనిచేస్తాయి. ధరలో తేడా ఎక్కువ, ఫలితంలో తక్కువ. టైటానియం ఉంటే తర్వాత ఎంఆర్ఐలో బొమ్మ కాస్త స్పష్టంగా వస్తుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కూత పెడుతుందా అని అందరూ అడుగుతారు. పెట్టినా చేత్తో తడిమి పంపించేస్తారు. ఏ లోహం, ఎన్ని స్క్రూలు అన్నది మాత్రం డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి.

## ఇంటికొచ్చాక మొదటి ఆరు వారాలు

కాలు కిందికి దించగానే ఊదారంగుకి మారుతోంది. రక్తం ఆగిపోయిందా?

ఆగలేదు. వారాల పాటు దించని కాలు కదా, రక్తం పైకి తోసే పిక్క పని మానేసింది. పైకెత్తగానే రంగు తిరిగొస్తే కంగారు అక్కర్లేదు. ఎత్తడమంటే గుండె కంటే ఎత్తులో, అంటే వెల్లకిలా పడుకుని కింద రెండు మూడు దిండ్లు. సోఫాలో కూర్చుని స్టూల్ మీద కాలు చాపి టీవీ చూడటం ఎత్తడం కాదు. మొదటి రెండు వారాలు గంటకి పది నిమిషాలకి మించి దించొద్దు. ఎత్తినా వేళ్లు చల్లగా, తెల్లగానో నల్లగానో ఉంటే, మందు వేసినా ఆగని నొప్పి పెరుగుతుంటే, కట్టు బిగుసుకుందేమో. అప్పుడు పొద్దున దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

పప్పు తింటే చీము పడుతుందట, నిజమేనా? పాయా తాగితే ఎముక తొందరగా అతుక్కుంటుందా?

పప్పు, వంకాయ, గోంగూర, గుడ్డు, చేప: ఒక్కో ఇంట్లో ఒక్కో జాబితా. అన్నీ కలిపితే రోగికి మిగిలేది చారన్నం. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, అదుపు లేని షుగర్ వల్ల, సిగరెట్ వల్ల. పప్పు వల్ల కాదు. పుండు మానాలన్నా ఎముక అతుక్కోవాలన్నా ఒంటికి ప్రొటీన్ కావాలి, పథ్యం పేరుతో సరిగ్గా దాన్నే మానిపిస్తున్నాం. రోజూ పప్పు, పెరుగు, రెండు గుడ్లు, తినేవాళ్లయితే చికెనో చేపో పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగి పెట్టండి.

ఇక పాయా. పాతబస్తీ నుంచి పొద్దున్నే క్యాన్‌లో తెప్పించే కొడుకులని చూశాను. రుచికి తాగండి, నేనూ తాగుతాను. అందులో ఎక్కువగా ఉండేది జెలటిన్, కొవ్వు. మేక కాలు మీ కాలుని అతికించదు. విటమిన్ డి పరీక్ష చేయించుకోండి, తక్కువ ఉంటే మందు వాడండి, ఖర్చు కూడా పాయా కంటే తక్కువే.

ఎప్పుడు కాలు ఆనించొచ్చు?

మీ సర్జన్ చెప్పినప్పుడు. మామూలు చీలమండ విరుపుకి పాత లెక్క ఆరు వారాలు. 2024లో బ్రిటన్ నుంచి వచ్చిన పెద్ద పరిశీలనలో రెండు వారాలకే బరువు మోపడం మొదలుపెట్టినవాళ్లు ఆరు వారాలు ఆగినవాళ్లకి ఏమాత్రం తీసిపోలేదు. అందువల్ల ఇప్పుడు కొందరు డాక్టర్లు ముందే నడిపిస్తున్నారు. "మా బావకి ఆరు వారాలన్నారు, నాకెందుకు మూడు" అని టెన్షన్ పడక్కర్లేదు. మడమ, పాదం మధ్య ఎముకలు, పాదం పైఎముక విరిగితే మాత్రం ఈ లెక్క వర్తించదు, ఎక్కువ కాలం ఆగాలి.

ఇండియన్ టాయిలెట్, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఎలా?

ఆపరేషన్ తేదీ ఖరారైన రోజే ఈ ఏర్పాట్లు చూసుకోండి, డిశ్చార్జి రోజు కాదు. కోఠిలోని సర్జికల్ షాపుల్లో మధ్యలో రంధ్రం ఉండే కమోడ్ కుర్చీ దొరుకుతుంది, దాన్ని ఇండియన్ టాయిలెట్ మీద పెట్టేయొచ్చు. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ, కాలికి కవర్ చుట్టి టేపు వేయండి. బాత్రూం గుమ్మం దగ్గరి తడి పట్టా తీసేయండి, నా రోగులు రెండోసారి పడింది ఎక్కువగా అక్కడే. మెట్లు కర్రల మీద ఎక్కాలనే పట్టుదల వద్దు. చిన్నపిల్లల్లా కూర్చుని, ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కండి. సిగ్గుగా ఉంటుంది, పడరు.

రోజుకి రెండు సిగరెట్లే. పర్లేదా?

పర్లేదని చెప్పలేను. రక్తనాళాలు ముడుచుకుపోతాయి, కుట్లు, ఎముక రెండూ ఆలస్యమవుతాయి.

ఎప్పుడు భయపడి పరుగెత్తాలి?

పిక్క గట్టిపడి నొప్పి, వాపు ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పొడుపు వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకి వెళ్లి ఉండొచ్చు, వెంటనే 108. కుట్ల దగ్గర ఎరుపు పాకుతుంటే, చీము కారుతుంటే, చలిజ్వరం వస్తే అదే రోజు సర్జన్‌కి చూపించండి. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోవద్దు.

## కాలు ఆనించాక

కట్టు విప్పాక కాలు చెక్కలా ఉంది. నూనె రాసి గట్టిగా మర్దన చేయిస్తే వదులవుతుందా?

గట్టి మర్దన వద్దు. కుట్లు పూర్తిగా మానాక మచ్చ మీద కొబ్బరినూనెతో మెల్లగా రాస్తే మచ్చ అడుక్కి అతుక్కోదు, అంతే. కీలు వదులయ్యేది మీరు కదిపితేనే. పాదం పైకి వంగడమే ముందు పోతుంది, తిరిగొచ్చేదీ అన్నిటికంటే ఆఖర్నే. గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేపకుండా మోకాలితో గోడని తాకండి. రోజూ పాదాన్ని ఒక వేలు వెడల్పు వెనక్కి జరపండి. వారానికి ఎంత దూరం వచ్చిందో గోడ పక్కన పెన్సిల్‌తో గీతలు పెట్టమంటాను. పిల్లల ఎత్తు గీతల పక్కన తాతగారి గీతలు కూడా ఉన్న ఇల్లొకటి చిక్కడపల్లిలో ఉంది.

సాయంత్రానికి మళ్లీ వాపు వస్తోంది. ఆపరేషన్ ఫెయిలయిందా?

లేదు. ఆరు నెలల దాకా మామూలే, కొందరికి ఏడాది. పొద్దున తగ్గి సాయంత్రం పెరిగే వాపు మంచి రకం. పొద్దున కూడా తగ్గకపోతే చూపించుకోండి.

స్కూటీ, కారు ఎప్పటి నుంచి నడపొచ్చు?

కుడి చీలమండకి ఆపరేషన్ అయినవాళ్లలో బ్రేక్ తొక్కే వేగం మామూలుకి రావడానికి 9 వారాలు పట్టిందని 2003 నాటి ఒక అధ్యయనం. నేను మూడు నెలలంటాను, అదీ నొప్పి లేకుండా కాలు టక్కున నొక్కగలిగితే. బైక్‌లో ఎడమ కాలు గేరుకి, కుడి కాలు బ్రేకుకి. స్కూటీకి ఏదీ అక్కర్లేదనుకుంటారు గానీ అమీర్‌పేట జామ్‌లో నిమిషానికోసారి బండి బరువుని ఆపేది ఆ కాలే. అప్పటిదాకా మెట్రో మేలు, స్టేషన్లలో లిఫ్టులున్నాయి. స్టేషన్ బయట ఫుట్‌పాత్ గురించి మాత్రం నేనేమీ హామీ ఇవ్వలేను.

## నెలలు, ఏడాది గడిచాక

ప్లేట్లు, స్క్రూలు తీయించెయ్యాలా?

ఇబ్బంది లేకపోతే అక్కర్లేదు. బూటు రాసుకుంటుంటే, చర్మం కింద స్క్రూ తల గుచ్చుకుంటుంటే, చీము పడితే తీస్తారు, సాధారణంగా ఎముక పూర్తిగా అతికాక. మోకాలి కింద ఉండే రెండు ఎముకల్ని కలిపి బిగించే పొడవాటి స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని అందరికీ తప్పనిసరిగా తీయడం ఇప్పుడు తగ్గింది, విరిగి లోపలే ఉన్నా చాలామందికి తెలియదు కూడా.

మళ్లీ మునుపటిలా అవుతుందా? నిజం చెప్పండి

ఒకవైపు గుబ్బ విరిగి, కీలు సరిగ్గా కూర్చుంటే చాలామంది దాదాపు మునుపటిలా నడుస్తారు. రెండు మూడు చోట్ల విరిగితే, కీలు తొలిగితే మెట్లు దిగడంలో, గొంతుక్కూర్చోవడంలో కాస్త లోటు మిగలొచ్చు. చీలమండ అరుగుదలలో ఎక్కువ భాగం పాత దెబ్బల వల్లే వస్తుంది, అదీ ఏళ్ల తర్వాత. పాదం పైఎముకకి రక్తం అందడమే కష్టం, విరిగితే ఆ ఎముక చచ్చుబడే ప్రమాదముంది. 6-8 వారాల ఎక్స్‌రేలో దాని పైఅంచు కింద సన్నటి నల్లగీత కనిపిస్తే సర్జన్ ముఖం వెలుగుతుంది. రక్తం అందుతోందని దానర్థం.

గడువు విషయంలో మనం ఆశపడేది ఎప్పుడూ ఎక్కువే. మహమ్మద్ షమీకి 2024 ఫిబ్రవరిలో అకిలిస్ టెండన్ ఆపరేషన్ అయింది. రంజీ మ్యాచ్ ఆడింది నవంబర్‌లో. వెంట ఫిజియోలు, ట్రైనర్లు ఉన్న బౌలర్‌కే దాదాపు తొమ్మిది నెలలు. ఆఫీసు అయ్యాక అరగంట వ్యాయామం చేసే మనకి ఏడాది పడితే అది ఆలస్యం కాదు.

జూన్‌లో ఆపరేషన్ అయింది. బతుకమ్మ ఆడొచ్చా?

ఏటా సెప్టెంబర్‌లో కనీసం ముగ్గురు అడుగుతారు. దెబ్బ తగిలిన కాలి మీద, ఏదీ పట్టుకోకుండా 20 సెకన్లు నిలబడండి. తర్వాత ఆ ఒక్క కాలి మడమ పదిసార్లు లేపండి. రెండూ అయితే ఆడండి. ఎంగిలిపూల నాడు రెండు చుట్లు వేసి కూర్చోండి, మర్నాడు పొద్దున వాపు చూసుకుని పెంచండి. ఒకే దిక్కుకి తిరుగుతూ, వంగి చప్పట్లు కొడుతూ ఆడతారు కాబట్టి బరువంతా ఒక కాలి పక్కకే పడుతుంది. మడమ ఎత్తు లేని, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. సద్దుల నాడు చెరువు గట్టు మీద దిగేటప్పుడు బతుకమ్మని ఇంకొకరి చేతికిచ్చి, మీరు ఎవరి భుజమైనా పట్టుకోండి.